నట్టనడి సముద్రమున

పల్లెలో బండి యిరుసు విరిగినచో రైతు వడ్రంగిని పిలుచుకొని వచ్చును. బిడ్డకు జ్వరము వచ్చినచో తల్లి వైద్యుని యింటికి పరుగెత్తును. నేలమీద బ్రదుకువారికి ఇవి సామాన్య విషయములు. కాని, చుట్టును వేయి మైళ్ళ వరకు నీరు తప్ప మరేమియు కానరాని చోట, చిన్న తెరచాప నావలో ఒంటరిగా పోవువానికి చుక్కాని విరిగినచో ఎవరు బాగుచేయుదురు? చేయి విరిగినచో ఎవరు కట్టు కట్టుదురు?

పెద్ద ఓడలలో యంత్రముల సంగతి తెలిసిన పనివారుందురు. మందుల గది యుండును. చిన్ననావలలో దేశదేశములు తిరుగువారికి ఆ సౌకర్యము లేదు. అట్టి నావికుడు తానే వడ్రంగి, తానే కమ్మరి, తానే కుట్టుపనివాడు, తానే వైద్యుడు కావలసియుండును. అయినను, ఎంతటి నేర్పరికైనను తన చేతిలోని పని కాని దినమొకటి రావచ్చును. ఆ దినమున ఇతరులను సహాయమడుగుటకు కూడ అతడు ముందుగనే సిద్ధపడి యుండవలెను. ఈ రెండు పాఠములును భారతదేశముతో సంబంధముగల కొన్ని నావల చరిత్ర వలన స్పష్టముగా తెలియును.

వానిలో మొదటిది "సుహేలి". ఇది బొంబాయిలో టేకు కఱ్ఱతో నిర్మింపబడిన నావ. దీని పొడవు 32 అడుగులు మాత్రమే. దీని యజమాని రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ అను ఆంగ్లేయుడు. ఎచ్చటను ఆగక, ఎవరి సహాయమును పొందక, ఒంటరిగా భూమండలమును చుట్టి రావలెనని 1968వ సంవత్సరమున ఒక పందెము ప్రకటింపబడెను. దానిపేరు "గోల్డెన్ గ్లోబ్". తొమ్మండుగురు పందెమున పాల్గొనిరి. నాక్స్ జాన్‌స్టన్ 1968 జూన్ 14వ తేదీన ఇంగ్లండులోని ఫాల్మత్ రేవునుండి బయలుదేరెను. అప్పటికి ఆయన వయస్సు 29 సంవత్సరములు.

ప్రయాణపు తొలిదినములలోనే సుహేలిలోనికి నీరు కారుట మొదలయ్యెను. దినదినమును తోడిపోయవలసిన నీరు అధికమగుచుండెను. నాక్స్ జాన్‌స్టన్ సముద్రములోనికి దుమికి నావ అడుగుభాగమును పరీక్షించెను. అడుగుదూలము దాపున పలకల నడుమ సందు ఏర్పడియుండెను. రేవులోనైనచో నావను ఒడ్డునకు లాగి, సందులలో నూలు దట్టించి, తారు పూయుదురు. నడిసముద్రమున ఆ యుపాయము సాగదు. ఊపిరి బిగబట్టి నీటిలో మునిగి, నూలు దట్టింప యత్నించెను గాని అది నిలువలేదు. అప్పుడాయన పైకి వచ్చి, ఆలోచించి, గుడ్డ పట్టీకి నూలును కుట్టి, దానికి తారు పూసి, మరల మునిగి, ఆ పట్టీని సందుమీద రాగిమేకులతో బిగింపసాగెను. ఒక్కొక్క మేకును కొట్టుటకు ఒక్కొక్క మారు మునుగవలసి వచ్చెను. ఇంతలో ఒక సొరచేప వచ్చి నావచుట్టును తిరుగనారంభించెను. ఆయన పైకెక్కి తుపాకితో దానిని కొట్టి, నెత్తురు వాసనకు మరియొక సొరచేప వచ్చునేమోయని కొంతసేపు వేచిచూచి, మరల నీటిలోనికి దిగెను. తుదకు పట్టీమీద రాగిరేకును కూడ బిగించి పని ముగించెను.

మరియొకప్పుడు విద్యుచ్ఛక్తి నిచ్చు యంత్రము చెడెను. దానిలోని రెండు లోహపు మొనల నడుమ వెండ్రుకంత యెడము సరిగా కొలిచి యుంచవలెను. కొలుచు సాధనము నావలో లేదు. ఆయన తనవద్దనున్న పుస్తకమొకటి చేతబట్టి, అంగుళపు మందమునకు 200 కాగితములు వచ్చుట లెక్కించెను. అనగా ఒక్క కాగితపు మందము అంగుళములో ఇన్నూరవ వంతు. కావలసినన్ని కాగితములను మొనల నడుమ నుంచి యెడమును సరిచేసెను. చదువుకొనుటకు తెచ్చుకొన్న పుస్తకము ఆనాడు కొలబద్దగా ఉపయోగపడెను. పనిముట్టు లేదని చేతులు ముడుచుకొని కూర్చుండక, ఆ పనిముట్టు చేయు పని యేమో ఆలోచించువానికి ఉపాయము తోచకపోదు.

నావకు వచ్చిన కష్టములు ఇట్లుండగా దేహమునకును కష్టములు తప్పలేదు. ఒకనాడు బ్యాటరీలను పరీక్షించుచుండగా నావ ఒరిగి, వానిలోని ఆమ్లము ఆయన కంటిలో చిందెను. తత్‌క్షణమే కంటిని నీటితో కడిగికొని, మందు చుక్కలు వేసికొనుచుండెను. కన్ను పోవునేమోయను భయముతో కొన్నిదినములు గడచెను; పిదప బాధ తగ్గెను. దక్షిణ సముద్రపు తుపానులో త్రాగునీటి తొట్టెలు పాడయ్యెను. వాననీటిని పట్టి దాచుకొనవలసి వచ్చెను. తనంతట చుక్కానిని నడపు సాధనము ఆస్ట్రేలియా చేరునప్పటికి పూర్తిగా చెడిపోయెను. తెరచాపలను తగినరీతిగా అమర్చి, నావ తన దారిని తానే పట్టుకొని పోవునట్లు చేసికొనెను. వార్తలు పంపు రేడియో మూగబోయెను. న్యూజిలాండు దాటిన తరువాత కొన్ని నెలలపాటు ఆయన బ్రదికియున్నాడో లేదో లోకమునకు తెలియలేదు.

తిరుగు ప్రయాణమున అట్లాంటిక్ సముద్రమున ఆయనకు తీవ్రమైన కడుపునొప్పి వచ్చెను. నావలోనున్న వైద్యగ్రంథమును తెరచి చూడగా, ఆ లక్షణములు ఉండుకపు వాపునకు సరిపోవునట్లు కనబడెను. అది నిజమైనచో శస్త్రచికిత్స అవసరము. దాపుననున్న రేవు సుమారు వేయి మైళ్ళ దూరమున నున్నది. రేడియో లేదు; సలహా చెప్పు వైద్యుడు లేడు. ఆయన ధైర్యము విడువక, భోజనమును మార్చుకొని, నొప్పి యెట్లున్నదో గమనించుచుండెను. కొన్నిదినములకు నొప్పి తగ్గెను. అది అజీర్ణమేయని తేలెను. తుదకు 1969 ఏప్రిల్ 22వ తేదీన సుహేలి ఫాల్మత్ రేవు చేరెను. బయలుదేరిన తొమ్మండుగురిలో గమ్యము చేరినవాడు ఆయన యొక్కడే.

ఆ కడుపునొప్పి దినములలో ఆయనకు రేడియో పనిచేసియున్నచో సంగతి వేరుగా నుండెడిది. సముద్రముమీది రోగులకు రేడియో ద్వారా వైద్యసలహా నిచ్చు సంస్థలు అప్పటికే కలవు. ఇటలీ దేశమున రోము నగరమునందు గ్విడో గ్విడా అను వైద్యుడు 1935వ సంవత్సరమున అట్టి సంస్థ నొకదానిని స్థాపించెను. ఏ దేశపు ఓడయైనను, ఏ జాతి నావికుడైనను అడిగిన వెంటనే అచటి వైద్యులు ఉచితముగా సలహా చెప్పుదురు. వైద్యుడు మొదట అడుగు ప్రశ్నలు ఇవి: జ్వరమెంత? నాడి నిమిషమునకు ఎన్నిమారులు కొట్టుకొనుచున్నది? నొప్పి ఎక్కడ? ఎప్పుడు మొదలయ్యెను? నావలో ఏ మందులున్నవి? ఇప్పటికి ఏ మందులు మ్రింగినాడు? వీనికి సరియైన సమాధానము చెప్పగల నావికునకు సగము చికిత్స జరిగినట్లే. కావుననే తెలివిగల నావికులు మందులపెట్టెలోని ప్రతి వస్తువును పట్టికగా వ్రాసి పెట్టుకొందురు.

1998వ సంవత్సరమున జరిగిన ఒక సంఘటన దీనికి నిదర్శనము. విక్టర్ యాజికోవ్ అను రష్యా నావికుడు మరియొక పందెమున ఒంటరిగా అట్లాంటిక్ సముద్రమును దాటుచుండెను. ఆయన కుడి మోచేతిలో చీముగడ్డ లేచి, చేయి కదలింపరాకుండ వాచెను. ఆయన కంప్యూటరు ద్వారా తన స్థితిని అమెరికాలోని బోస్టను నగరముననున్న డేనియల్ కార్లిన్ అను వైద్యునకు తెలిపెను. గడ్డను వెంటనే కోయవలెనని వైద్యుడు నిర్ణయించి, చేయవలసిన పనిని ఒకదాని తరువాత ఒకటిగా వ్రాసి పంపెను. అలలమీద నావ ఊగుచుండగా ఆ నావికుడు ఎడమచేతితో తన కుడిమోచేతిని తానే కోసికొనెను. కాని నెత్తురు ఆగలేదు. భయపడి చేతికి త్రాడు గట్టిగా బిగించెను. చేయి చల్లబడసాగెను. సంగతి తెలిసిన వైద్యుడు త్రాడును విప్పి, గాయమునే అదిమిపట్టుమని సందేశము పంపెను. ఆ విధముగా నెత్తురు ఆగి, చేయి దక్కెను. ఆయన అంతకుముందు ఆస్పిరిను మాత్రలు మ్రింగుచుండెను. ఆ మాత్రలు నెత్తురును గడ్డకట్టనీయవు. మ్రింగిన మందులను దాచక వైద్యునకు చెప్పవలెనను నియమము ఎంత ముఖ్యమో దీనివలన తెలియుచున్నది.

రేడియో లేనిచోట పతాకములు మాటలాడును. అంతర్జాతీయ సంకేతముల ననుసరించి, తెల్లని గుడ్డమీద ఎఱ్ఱని ఐమూలగీతలు రెండు ఒకదానినొకటి ఖండించుచున్న పతాకమును ఎగురవేసినచో "నాకు సహాయము కావలెను" అని అర్థము. నీలపు అంచులో తెలుపు, తెలుపునడుమ ఎఱుపు గల పతాకమును ఎగురవేసినచో "నాకు వైద్య సహాయము కావలెను" అని అర్థము. ఈ భాషను అన్ని దేశముల నావికులును ఎరుగుదురు.

భూమి చేరువలో నున్నప్పుడు మొండిపట్టు పట్టక పరదేశపు రేవునకు పోయి నావను బాగుచేయించుకొనుట ఉత్తమము. భారత నౌకాదళమునకు చెందిన "తారిణి" యను తెరచాప నావ యట్లే చేసెను. ఆ నావలో ఆరుగురు స్త్రీలు 2017 సెప్టెంబరు 10వ తేదీన గోవానుండి బయలుదేరి భూప్రదక్షిణము చేసిరి. వారి నాయకురాలు వర్తికా జోషి. వారిలో విశాఖపట్టణమునకు చెందిన పి. స్వాతి, హైదరాబాదునకు చెందిన బి. ఐశ్వర్య తెలుగు ఆడపడుచులు. కేప్ టౌను విడిచి స్వదేశమునకు మరలి వచ్చుచుండగా చుక్కానిని త్రిప్పు సాధనము చెడెను. చుక్కాని మాట వినని నావను హిందూ మహాసముద్రమున నడపుట సాహసమనిపించుకొనదు, అవివేకమనిపించుకొనును. వారు ప్రయాణపు పట్టికలో లేకున్నను మారిషస్ ద్వీపమునందలి పోర్ట్ లూయీ రేవునకు నావను మళ్ళించి, అచట బాగుచేయించుకొని, 2018 మే 21వ తేదీన క్షేమముగా గోవా చేరిరి. ఆలస్యమైనదని వారి గౌరవమునకు లోటు రాలేదు.

తారిణి తిరిగివచ్చిన సంవత్సరముననే మరియొక భారతీయ నావికునకు ఇంతకంటె ఘోరమైన ఆపద సంభవించెను. ఆయన భారత నౌకాదళాధికారి అభిలాష్ టామీ. ఒంటరిగా, ఎచ్చటను ఆగక భూమండలమును చుట్టివచ్చిన మొదటి భారతీయుడాయనయే. ఆ కార్యమును 2013వ సంవత్సరముననే ముగించెను. సుహేలి విజయమునకు 50 సంవత్సరములు నిండుచున్న సందర్భమున గోల్డెన్ గ్లోబ్ పందెమును 2018వ సంవత్సరమున మరల జరిపిరి. 1968 నాటి పరికరములే వాడవలెనను నియమము విధించిరి. అభిలాష్ కొరకు సుహేలి నమూనాననుసరించి గోవాలో "తురీయ" యను నావను నిర్మించిరి. 2018 జూలై 1వ తేదీన పందెము ఫ్రాన్సు దేశమున ప్రారంభమయ్యెను.

సెప్టెంబరు 21వ తేదీన దక్షిణ హిందూ మహాసముద్రమున తుపాను చెలరేగెను. ఆ సమయమున అభిలాష్ ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమునకు సుమారు 1,900 నాటికల్ మైళ్ళ దూరమున నుండెను. కొండలవంటి అలలు తురీయను బోర్లద్రోసెను. తెరచాప కంబములు విరిగిపోయెను. అభిలాష్ పైనుండి పడగా వెన్నెముకకు పెద్ద దెబ్బ తగిలెను. ఆయన ఎట్లో గదిలోని పడకను చేరెను గాని, పిమ్మట లేవలేకపోయెను. ఆహారము గాని నీరు గాని సాగకుండెను. అత్యవసర వస్తువుల సంచి కొలది దూరముననే యున్నను అందుకొనుట దుర్లభమయ్యెను.

అట్టి స్థితిలోను ఆయన ముఖ్యమైన పనిని మరువలేదు. ఆపత్సంకేతమును పంపు యంత్రమును పనిచేయించెను. చిన్న సందేశయంత్రము ద్వారా తన స్థితిని క్లుప్తముగా తెలిపెను. నావ బోర్లపడినదనియు, వెన్నునకు దెబ్బ తగిలినదనియు, లేవలేకున్నాననియు, కాలివ్రేళ్ళు మాత్రము కదలించగలుగుచున్నాననియు ఆ సందేశముల సారాంశము. వానిలో విలాపము లేదు, వ్యర్థపదము లేదు. కాలివ్రేళ్ళు కదలుచున్నవను ఒక్క మాట వలన, వెన్నులోని నరములు పూర్తిగా తెగలేదని వైద్యులు ఊహింపగలరు. రోగి చెప్పు మాట ఎంత స్పష్టముగా నుండునో వైద్యుని సలహాయు అంత స్పష్టముగా నుండును.

ఆ పిలుపు విని దేశములు కదలినవి. ఆస్ట్రేలియా దేశపు రక్షణకేంద్రము సహాయకార్యమును నడిపెను. భారత నౌకాదళ విమానము మారిషస్ నుండి ఎగిరి, కంబములు విరిగి తేలుచున్న నావను కనుగొనెను. భారత యుద్ధనౌక "సాత్పుర" దక్షిణమునకు తిరిగెను. గ్రెగర్ మెక్‌గకిన్ అను ఐర్లండు నావికుడు అదే పందెములో అభిలాష్‌నకు పోటీదారు. అదే తుపానులో ఆయన నావయు కంబములు కోల్పోయినది. అయినను, మిగిలిన కొయ్యలతో చిన్న తెరచాప కట్టుకొని ఆయన అభిలాష్ వైపు సాగెను. అందరికంటె ముందుగా చేరినది ఫ్రాన్సు దేశమునకు చెందిన "ఒసిరిస్" అను చేపలవేట రక్షణనౌక. సెప్టెంబరు 24వ తేదీన దాని సిబ్బంది చిన్నపడవలో వచ్చి, అభిలాష్‌ను పడకమీదనుండి జాగ్రత్తగా దింపి, వెన్ను కదలకుండ మోసికొని పోయిరి. పిదప ఆమ్‌స్టర్‌డామ్ దీవియందలి చిన్న వైద్యశాలలో చేర్చిరి. అచటినుండి సాత్పుర ఆయనను ఎక్కించుకొని 2018 అక్టోబరులో విశాఖపట్టణము చేర్చెను. ఫ్రాన్సు రేవున మొదలైన ప్రయాణము ఆంధ్రదేశపు రేవున ముగిసెను.

వైద్యులు ఆయన వెన్నెముకలో టైటానియం లోహపు కడ్డీలు అమర్చిరి. ఆయన మరల నడక నేర్చుకొనవలసి వచ్చెను. ఇంతటితో ఆయన సముద్రమునకు స్వస్తి చెప్పునని అనేకులు తలచిరి. కాని 2022 సెప్టెంబరు 4వ తేదీన ఆయన అదే పందెమునకు, "బయానత్" అను నావలో మరల బయలుదేరెను.

ఈ ప్రయాణమునను నావకు మరమ్మతులు తప్పలేదు. గాలివాటమును బట్టి చుక్కానిని నడపు సాధనమునకు పలుచని చెక్కరెక్క యొకటి యుండును. అదిలేనిచో ఒంటరి నావికునకు నిద్రయే యుండదు. ఆ రెక్క విరిగినప్పుడు, కొత్తది చేయుటకు తగిన చెక్క ఎక్కడ దొరకును? అభిలాష్ నావ నంతయు కలియజూచి, మరుగుదొడ్డి తలుపును ఊడదీసి, కోసి, రెక్కగా మలచెను. ఒంటరిగా నున్నవానికి ఆ తలుపుతో పనియేమి?

2022 నవంబరులో టాపియో లెటినెన్ అను ఫిన్లండు నావికుని నావ దక్షిణాఫ్రికాకు ఆగ్నేయముగా కొద్ది నిమిషములలోనే మునిగిపోయెను. వార్త తెలిసిన వెంటనే అభిలాష్ పందెమును ప్రక్కనబెట్టి తన నావను ఆ దిక్కునకు త్రిప్పెను. నాలుగేండ్ల క్రిందట పడకమీద కదలలేక సహాయమునకై ఎదురుచూచిన దినములను ఆయన మరువలేదు. దక్షిణాఫ్రికా నావికురాలు కిర్స్టెన్ నాయిషేఫర్ ముందుగా చేరి, రక్షణతెప్పమీదనున్న లెటినెన్‌ను కాపాడి, దారిన పోవు సరకుల ఓడ కప్పగించెను. ఆమెయే తరువాత పందెమును గెలిచెను. అభిలాష్ 236 దినములు ప్రయాణము చేసి, 2023 ఏప్రిల్ 29వ తేదీన రెండవవాడుగా గమ్యము చేరెను. బయలుదేరిన 16 మందిలో ఎచ్చటను ఆగక చుట్టివచ్చినవారు మువ్వురే.

పుస్తకపు కాగితమును కొలబద్దగా, తలుపును గాలిరెక్కగా మార్చిన నావికుల బుద్ధిబలము మెచ్చదగినది. ఆ బలము చాలనప్పుడు సిగ్గుపడక, వేళమించక, స్పష్టముగా సహాయమడిగిన వివేకము అంతకంటె మెచ్చదగినది. పిలుపు విన్నవారు జాతి యేదని గాని, పందెములో ఎవరు ముందని గాని అడుగలేదు. నేలమీద దేశములకు ఎల్లలున్నవి. నట్టనడి సముద్రమున ఆపదలోనున్నవాడు అందరికిని బంధువే.

ప్రశ్నలు

1. సుహేలి నావలోనికి నీరు కారుటను నాక్స్ జాన్‌స్టన్ ఎట్లు ఆపెను?
2. రేడియో ద్వారా సలహా చెప్పు వైద్యునకు రోగి ఏయే విషయములు తెలుపవలెను? ఎందుకు?
3. తారిణి నావను మారిషస్ ద్వీపమునకు మళ్ళించుట వివేకమని ఎట్లు చెప్పవచ్చును?
4. అభిలాష్ టామీని కాపాడుటకు ఏయే దేశములవారు ఎట్లు తోడ్పడిరి?
5. "నట్టనడి సముద్రమున ఆపదలోనున్నవాడు అందరికిని బంధువే" - ఈ వాక్యమును రెండు ఉదాహరణములతో వివరింపుడు.